తోడు లేకుండా స్కీల మీద అడవికి వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. ఓస్లోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇక్కడికి వచ్చాకే స్కీయింగ్ నేర్చుకున్నాను. నాలుగు చలికాలాలుగా నూర్‌మార్కా అడవిలో మెషీన్‌తో చదును చేసిన ట్రాకుల మీద తిరుగుతున్నాను. ఈ ఏడాది స్టీలు అంచులున్న కొండ స్కీలు కొన్నాను, మడమ పైకి లేచే రకం. ఈస్టర్ సెలవుల్లో మూడు రోజులు ఒక్కణ్నే రోందానె కొండలకి వెళ్లి, రోండ్వస్‌బు కేబిన్ నుంచి ఇల్మన్‌దాలెన్ లోయ మీదుగా బ్యోర్న్‌హోల్లియా కేబిన్‌కి చేరాలని ప్లాన్. చెట్ల మధ్య మాటామంతీ లేకుండా గంటల తరబడి నడవడం నాకు చాలా ఇష్టం. ఆఫీసులో వాళ్లు "ఒంటరిగా వెళ్లొద్దనే రూల్ ఎప్పుడో తీసేశారు, వెళ్లు" అంటున్నారు. మా ఆవిడకి టెన్షన్. అమ్మయితే ఫోన్లో ఏడుస్తోంది. వెళ్లొచ్చా? వెళ్తే ఏం చూసుకోవాలి? తినడానికి ఏం పట్టుకెళ్లాలి?
(పేరు వద్దన్నారు), ఓస్లో

సమాధానం:

వెళ్లొచ్చు. ఒక్కరే వెళ్లొచ్చు. కాకపోతే మీరు రాసిన రూటు మాత్రం ఈ ఈస్టర్‌కి వద్దు. ఎందుకు వద్దో, దాని బదులు ఎక్కడికి వెళ్తే బాగుంటుందో చెబుతాను. ముందు ఆ రూల్ సంగతి.

మీ ఆఫీసు వాళ్లు చెప్పింది నిజమే. నార్వేలో కొండలకి వెళ్లేవాళ్ల కోసం తొమ్మిది నియమాలున్నాయి. 1952లో ఒక ప్రచారంగా మొదలయ్యాయి. 1967 ఈస్టర్ సెలవుల్లో 18 మంది కొండల్లో చనిపోయాక వాటిని దేశమంతటా గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. ఇక్కడ అందరూ సంచీలో వేసుకెళ్లే క్విక్ లున్ష్ చాక్లెట్ రేపర్ లోపలి వైపు కూడా వాటిని అచ్చువేస్తూ వచ్చారు. పాత జాబితాలో ఏడోది "ఒంటరిగా వెళ్లొద్దు". 2016లో జాబితాని తిరగరాసినప్పుడు ఆ వాక్యం పోయింది. "వెనక్కి తిరగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు" అన్నది మాత్రం అలాగే ఉంది. మీకు బాగా పనికొచ్చే నియమం అదే. పాటించడం కష్టమైనదీ అదే.

ఒంటరిగా వెళ్తే పడినప్పుడు లేపేవాళ్లు ఉండరని అందరూ భయపడతారు. ఆ భయం సరైనదే. కానీ నాకు అంతకంటే పెద్ద లోటుగా కనిపించేది, "ఇక చాలు, వెనక్కి పోదాం" అనే మనిషి పక్కన లేకపోవడం. ఇద్దరు వెళ్తే ఒకరికి ఊపు ఎక్కువైనా రెండోవాళ్లు లాగుతారు. ఒక్కరే ఉన్నప్పుడు ఆ మలుపు దాకా, ఆ గుట్ట దాకా అనుకుంటూ పోతూనే ఉంటాం. అలసట పెరిగేకొద్దీ బుర్ర ఇంకా తక్కువ పనిచేస్తుంది. కాబట్టి వెనక్కి తిరిగే నిర్ణయాన్ని అడవిలో తీసుకోవద్దు. ముందు రోజు రాత్రి కడుపునిండా తిని, వెచ్చగా కూర్చుని ఉన్నప్పుడే తీసుకుని కాగితం మీద రాయండి. ఏ దారిన వెళ్తున్నాను, సగం దారి అంటే ఏ చోటు, అక్కడికి ఎన్నింటికి చేరకపోతే వెనక్కి తిరుగుతాను, బసకి ఎన్నింటికి వస్తాను. ఉదాహరణకి "పదిన్నరకల్లా ఆ చెరువు దగ్గరికి చేరకపోతే వచ్చిన దారినే వెనక్కి" అని రాసుకున్నాక పదిన్నర అయితే వెనక్కే. ఎండ బాగుందనో, ఇంకో పావుగంటేగా అనో ఆ టైమ్ మార్చొద్దు. దీని ఫొటో మీ ఆవిడకి పంపండి. ఆవిడ చేయాల్సిన పని ఏమిటో తర్వాత చెబుతాను.

ఇక రోందానె. 1962లో ఏర్పడిన, నార్వేలోనే మొదటి నేషనల్ పార్క్. అందమైన చోటు, ఏదో ఒక ఏడాది మీరు వెళ్లి తీరాలి. కానీ రోండ్వస్‌బు నుంచి ఇల్మన్‌దాలెన్ గుండా వెళ్లే దారిలో ఎక్కువ భాగం చెట్లు పెరిగే ఎత్తు దాటిపోయి ఉంటుంది. రెండు పక్కలా కొండలు. గాలి లేచి మంచు ఎగరడం మొదలైతే పది అడుగుల ముందు ఏముందో కనపడదు, చాటుకి చెట్టు ఉండదు. మీ అనుభవమంతా అడవి ట్రాకుల మీదిది. పైగా మీకు ఇష్టమైంది చెట్ల మధ్య నడక అని మీరే రాశారు. మీ ప్లాన్‌లో అడవి వచ్చేది చివర్న బ్యోర్న్‌హోల్లియా దగ్గర పడ్డాకే. ఆ రూటుని వచ్చే ఏడాదికి ఉంచి, అనుభవం ఉన్నవాళ్లతో వెళ్లండి.

ఈ ఈస్టర్‌కి లిల్లెహామర్ పైన ఉన్న షూషోయెన్, నూర్‌సేతెర్ వైపు వెళ్లండి. ఓస్లో నుంచి లిల్లెహామర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. మీకు కావాల్సిన కొండ అడవి అంతా అక్కడ ఉంది. కింద దట్టమైన స్ప్రూస్ (సూదుల్లాంటి ఆకులుండే చెట్లు), పైకి వెళ్లేకొద్దీ పలచబడి పొట్టి బిర్చ్ చెట్లు, మధ్య మధ్యలో మంచు కప్పిన చిత్తడి మైదానాలు. వాలులు నెమ్మది. అక్కడి పెద్ద కొండల్లో ఒకటైన నేవెల్‌ఫ్యెల్ ఎత్తు 1,089 మీటర్లు, అది కూడా గుండ్రంగా, సాధువుగానే ఉంటుంది. రేనా నుంచి లిల్లెహామర్ దాకా 54 కిలోమీటర్ల బిర్కెబైనెర్ పందెం ఈ కొండల మీదుగానే సాగుతుంది. 1206లో అంతర్యుద్ధం నడుస్తుండగా పసివాడైన రాకుమారుడు హోకొన్‌ని ఇద్దరు యోధులు స్కీల మీద కొండలు దాటించిన సంఘటనకి గుర్తుగా, పందెంలో ప్రతి ఒక్కరూ మూడున్నర కిలోల సంచీ మోస్తారు. మీ వీపు మీద అంతకంటే ఎక్కువే ఉండాలి, దాని సంగతి కూడా వస్తుంది.

కేబిన్ నుంచి కేబిన్‌కి వెళ్లకుండా ఒకేచోట గది తీసుకుని, మూడు రోజులూ మూడు వేర్వేరు చుట్లు తిరగండి. మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. బరువు తగ్గుతుంది. వాతావరణం పాడైతే తర్వాతి కేబిన్‌కి ఎలాగైనా చేరి తీరాలన్న ఒత్తిడి ఉండదు. రోజూ ఒకే బసకి తిరిగి వస్తారు కాబట్టి అక్కడివాళ్లకి మీ ముఖం గుర్తుంటుంది, సాయంత్రానికి కనపడకపోతే అడుగుతారు.

ఇప్పుడు అసలు విషయం, మంచు. చలికాలంలో మీరు చూసిన మంచు వేరు, ఏప్రిల్ మంచు వేరు. ఇది ఒక్క రోజులోనే మూడు రకాలుగా మారుతుంది. పగటి ఎండకి పైపొర కరిగి తడుస్తుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ పొరలోని వేడి నేరుగా పైకి పోతుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకి కాస్త పైన ఉన్నా సరే పొర గడ్డకడుతుంది. తెల్లవారేసరికి ట్రాక్ లేని చోట కూడా మనిషి బరువుని మోసేంత గట్టిగా ఉంటుంది. అదే రాత్రంతా మబ్బు పట్టి ఉంటే వేడి బయటికి పోదు, పొర సరిగా బిగియదు. కాబట్టి సాయంత్రం పూట వాతావరణం చూసేటప్పుడు రాత్రి ఎన్ని డిగ్రీలని మాత్రమే చూడకండి, మబ్బు ఉందా లేదా అన్నది కూడా చూడండి. మబ్బుతో పాటు ఉష్ణోగ్రత కూడా సున్నాకి పైన ఉంటే మర్నాడు ట్రాక్ దాటి పోవద్దు.

అడవిలో దీనికి తోడు ఇంకో చిక్కుంది. మబ్బు చేసే పనే స్ప్రూస్ కొమ్మలు కూడా చేస్తాయి. వేడిని పైకి పోనివ్వవు. అందుకే బయట చిత్తడి మైదానం మీద పొర గట్టిగా ఉంటుంది, చెట్ల కిందికి వెళ్లేసరికి బలహీనంగా ఉంటుంది. మైదానం మీద హాయిగా జారుతూ వచ్చి చెట్లలోకి దూరగానే పొర అప్పడంలా విరిగి స్కీ మోకాలి దాకా దిగిపోతుంది. స్కీ మొన పొర కింద ఇరుక్కుంటుంది, మీ ఒళ్లు మాత్రం ముందుకి పోతూనే ఉంటుంది. వసంతకాలపు అడవిలో మోకాళ్లు దెబ్బతినేది ఇలాగే. కాబట్టి మైదానం అంచు కనిపించగానే వేగం పూర్తిగా తగ్గించండి. ఆగి, కర్రతో చెట్ల కింది మంచుని పొడిచి చూడండి. కర్ర కింద ఉండే చక్రం పైనే ఆగిపోతే ముందుకి వెళ్లండి. పెద్దగా ఒత్తకుండానే లోపలికి దిగబడిపోతే చెట్లని చుట్టి వెళ్లే దారి వెతకండి.

చెట్టు మొదళ్లకి దూరంగా ఉండండి. ముదురు రంగు బెరడు ఎండకి వేడెక్కి చుట్టూ మంచు కరిగి గుంట పడుతుంది. పైకి బుజ్జి మొక్కలా కనిపించే స్ప్రూస్ మొన కింద నిలువెత్తు చెట్టు పూడిపోయి ఉండొచ్చు. దాని కొమ్మల మధ్య మంచు లేకుండా బోలుగా ఉంటుంది. మొదలుకీ మీకూ మధ్య కనీసం ఒక స్కీ పొడవు దూరం ఉంచుకోండి.

టైమ్ విషయానికొస్తే పొద్దున్నే ఆరున్నరకల్లా బయల్దేరండి. ఏప్రిల్ నడిమికి పగలు 14 గంటలు దాటుతుంది కాబట్టి వెలుతురుకి లోటు లేదు. మొదటి రెండు గంటలూ మంచు గట్టిగా, జారుడుగా ఉంటుంది. అప్పుడు ఎక్కండి, చదునుగా ఉన్నచోట నడవండి, నిటారు దిగుడు పెట్టుకోకండి. తొమ్మిదిన్నర, పదకొండు మధ్య పైన రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడి, కింద పొర ఇంకా గట్టిగా ఉంటుంది. దిగడానికి అదే మంచి సమయం, స్కీ మీరు చెప్పినట్టు వింటుంది. పన్నెండు దాటాక దక్షిణం వైపు వాలుల మీద మంచు లోపలిదాకా మెత్తబడిపోవడం మొదలవుతుంది. అప్పటికి మీరు మెషీన్ నడిచిన ట్రాక్ మీదికి వచ్చేసి ఉండాలి. ట్రాక్ పైన ఎంత మెత్తబడినా చలికాలమంతా అణగదొక్కిన అడుగు భాగం మోస్తుంది. కాబట్టి ప్రతి చుట్టునీ పొద్దున ట్రాక్ లేని అడవి, మధ్యాహ్నం ట్రాక్ మీదుగా ఇంటిదారి వచ్చేలా గీసుకోండి. ట్రాక్ ఎప్పుడు చదును చేశారో షీస్పోరె మ్యాప్‌లో కనిపిస్తుంది. ఏప్రిల్ గడిచేకొద్దీ మెషీన్లు తగ్గిపోతాయి, వెళ్లే ముందు అది చూడండి.

దిగడం గురించి మీరు ఏమీ అడగలేదు. నాకు మాత్రం మీ గురించి ఎక్కువ బెంగ అక్కడే. ట్రాక్ మీద నేర్చుకున్నవాళ్లకి ఎక్కడం, నడవడం బాగా వస్తాయి. దిగుడు వచ్చేసరికి అలవాటు చాలదు. మడమ విడిగా ఉండటంతో ఒళ్లు ముందుకి తూలితే ఆపడానికి ఏమీ ఉండదు, వీపు మీది సంచీ ఇంకాస్త తోస్తుంది. మంచు వాలు మీద స్కీయింగ్ చేసేవాళ్ల బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు, గట్టి దెబ్బ తగిలితే ఊడిపోతుంది. మీది మూడు పిన్నుల 75 మిల్లీమీటర్ల రకమైనా, ఎన్‌ఎన్‌ఎన్ బీసీ రకమైనా మామూలుగా ఊడదు. కాలు మెలి తిరిగినా పట్టుకునే ఉంటుంది.

ఈ స్కీల పుట్టిల్లు ఇక్కడే. తెలెమార్క్ జిల్లా మోర్గెదాల్‌కి చెందిన సోంద్రె నూర్‌హైమ్, మెలిపెట్టిన కొమ్మలని మడమ చుట్టూ పట్టీగా బిగించి, మలుపులు తిరుగుతూ దిగడం చూపించాడు. 1868లో ఇప్పటి ఓస్లోలో జరిగిన పోటీలో జనం నోరు తెరుచుకుని చూశారు. ఒక కాలు ముందుకి పెట్టి, వెనక కాలి మోకాలు బాగా వంచి తిరిగే ఆ తెలెమార్క్ మలుపుని మీరూ నేర్చుకోండి. కానీ స్కీ సెంటర్‌లో, లిఫ్ట్ పక్కన, జనం మధ్య నేర్చుకోండి. ఒక్కరే ఉన్న అడవిలో అందంగా దిగాల్సిన పని లేదు. వాలుకి అడ్డంగా నెమ్మదిగా వెళ్లండి, ఆగండి, నిలబడ్డచోటే ఒక్కో కాలూ ఎత్తి స్కీని అటు తిప్పి మళ్లీ అడ్డంగా రండి. ఇలా పది మలుపుల్లో దిగే గుట్టని ఇంకెవరో రెండు నిమిషాల్లో దిగేస్తే దిగనివ్వండి. అంచుల మీద పక్కకి జారుతూ దిగడం కూడా బాగా సాధన చేయండి. స్కీల అడుగున అంటించే బొచ్చు పట్టీలుంటాయి, స్కిన్లు అంటారు, అవి పొట్టివి కొనుక్కోండి. ఎక్కేటప్పుడు పట్టు ఇస్తాయి. దిగేటప్పుడు కూడా వాటిని తీయకుండా ఉంచితే వేగం బాగా తగ్గుతుంది. చూసేవాళ్లకి వింతగా ఉంటుంది, మోకాలికి మాత్రం మంచిది.

చెట్ల మధ్య దిగేటప్పుడు కర్రల పట్టీల్లోంచి చేతులు తీసేయండి. కర్ర కొమ్మకి తగులుకుంటే వదిలేయొచ్చు, లేకపోతే భుజం లాగేస్తుంది. అదుపు తప్పుతోందనిపిస్తే ముందే కూర్చుని పడండి, కొండ వైపుకి, పక్కకి. పడ్డాక హడావుడిగా లేవకండి. ముందు సంచీ విప్పండి. స్కీలు రెండూ వాలుకి అడ్డంగా, మీకు కింది వైపు వచ్చేలా తిప్పుకోండి. మంచు మెత్తగా ఉంటే చెయ్యి ఆనిస్తే చెయ్యి దిగబడుతుంది కానీ మీరు లేవరు. రెండు కర్రల్నీ అడ్డంగా ఒకదాని మీద ఒకటి మంచు మీద పరిచి వాటి మీద చెయ్యి ఆనించి లేవండి. దీన్ని ఇప్పుడే, ఇంటి దగ్గర, సంచీ వేసుకుని ప్రాక్టీస్ చేయండి.

హిమపాతం, అంటే కొండ మీంచి మంచు ఒక్కసారిగా జారిపడటం గురించి తక్కువలో చెబుతాను, ఎందుకంటే ఒంటరి మనిషికి చెప్పాల్సింది ఒక్కటే. 30 డిగ్రీలకి మించిన వాలు మీదికి వెళ్లొద్దు, అలాంటి వాలు కిందికీ వెళ్లొద్దు. పైనుంచి జారిన మంచు చదును నేల మీద కూడా చాలా దూరం వస్తుంది, చెట్లున్నాయి కదా అని ఆగదు. వార్‌సోమ్ సైట్‌లో రోజూ 1 నుంచి 5 దాకా ప్రమాద స్థాయి ఇస్తారు. నిటారు వాలులు రంగుల్లో కనిపించే మ్యాప్ కూడా ఉంది. బీకన్ కొనాలా అని కొందరు అడుగుతుంటారు. బీకన్ మీరెక్కడ పూడిపోయారో తోటివాళ్లకి చెబుతుంది. తోటివాళ్లే లేనప్పుడు దాన్ని నమ్ముకుని నిటారు వాలు ఎక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. షూషోయెన్ చుట్టూ నేల సాధువైనదే అయినా వాగుల గట్లు అక్కడక్కడా నిటారుగా ఉంటాయి. వాటి అంచుల్లో నడవకండి.

వాగులు, చెరువులు వసంతంలో మోసం చేస్తాయి. చలికాలంలో 10 సెంటీమీటర్ల గట్టి ఐసు ఒక మనిషిని మోస్తుంది. ఏప్రిల్‌లో దానికి నాలుగింతల మందం ఉన్నా లోపల గుల్లబారి ఉండొచ్చు. వాగు వచ్చి కలిసేచోట, బయటికి పోయేచోట ఎప్పుడూ పలచనే. కరెంటు ఉత్పత్తికి నీళ్లు వదిలే జలాశయాల్లో నీటిమట్టం దిగిపోయి ఒడ్డు పక్కన ఐసు విరిగి ఉంటుంది. చెరువు మీద ట్రాక్ గానీ, వరసగా పాతిన కొమ్మలు గానీ లేకపోతే ఒడ్డమ్మట చుట్టి రండి. వాగు మీద మంచు వంతెనలా కనిపించినా కింద నీటి చప్పుడు వినపడుతుంటే అసలు వంతెన ఉన్నచోటికే వెళ్లండి. దాటక తప్పకపోతే సంచీ నడుం బెల్టూ ఛాతీ బెల్టూ విప్పి దాటండి.

పట్టు కోసం స్కీ అడుగున రాసే మైనం విషయం. ఈ కాలపు మంచు కరిగి గడ్డకట్టి ముతక గింజలుగా ఉంటుంది. గట్టి మైనం నిలవదు, ట్యూబులో వచ్చే బంకలాంటి క్లిస్టర్ రాయాలి. చల్లటి ట్యూబులోంచి అది రాదు, పొద్దున లేవగానే చొక్కా లోపల పెట్టుకోండి. పట్టు మాత్రం అద్భుతం. కానీ అడవిలో స్ప్రూస్ ఆకులు, నాచు పీచు, బెరడు ముక్కలు మంచు మీద రాలి ఉంటాయి. గంట నడిచేసరికి అవన్నీ స్కీ అడుగున అంటుకుని నల్లగా గరుకుగా తయారవుతుంది, ఇక జారదు. వేళ్లకి, గ్లవ్స్‌కి, సంచీకి, చివరికి ఫ్లాస్కు మూతకి కూడా అదే బంక. అందుకే అడవిలో తిరిగేవాళ్లకి నేను స్కిన్లే మేలంటాను. తడిసిన స్కిన్ గడ్డకడితే పనిచేయదు, ఆగినప్పుడల్లా తీసి జాకెట్ లోపల పెట్టుకోండి.

సంచీలో ఏం ఉండాలంటే, కాలు విరిగి ఒకే చోట ఆరు గంటలు కూర్చోవాల్సి వస్తే ఏం కావాలో అవన్నీ. మందపాటి డౌన్ జాకెట్, కూర్చోడానికి ఫోమ్ పరుపు, గాలి తగలకుండా ఒళ్లంతా దూర్చుకునే సంచీ, చిన్న పార, హెడ్‌ల్యాంప్, అగ్గిపెట్టె, పొడి ఉన్ని సాక్సులు, ఇంకో జత గ్లవ్స్. స్కీ కర్రకో బైండింగ్‌కో దెబ్బ తగిలితే కట్టుకోడానికి టేపు, సన్నటి వైరు, చిన్న స్క్రూడ్రైవర్. ఒంటి మీద ఉన్ని బట్టలు, కాటన్ బనీను వద్దు, చెమటకి తడిస్తే ఆరదు. నల్ల కళ్లద్దాలు మర్చిపోవద్దు. మన ఒంటి రంగుకి ఎండ ఏం చేస్తుందిలే అనుకుంటారు మనవాళ్లు. మంచు మీంచి తిరిగొచ్చే అతినీలలోహిత కిరణాలకి కళ్లు ఒక్క పూటలో వాచిపోతాయి. ముక్కు కింద, గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి, ఎండ కిందినుంచి కూడా తగులుతుంది. కాగితం మ్యాపు, దిక్సూచి మెడలో ఉండాలి. ఫోను లోపలి చొక్కా జేబులో ఒంటి వేడికి ఉంచండి, చలికి బ్యాటరీ పడిపోతుంది. లోయల్లో సిగ్నల్ ఉండని చోట్లుంటాయి కాబట్టి శాటిలైట్ మెసెంజర్ అద్దెకి దొరికితే తీసుకోండి. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అడవిలో మంట వేయడం నిషేధం. టీ కాచుకోవాలనుకుంటే చిన్న గ్యాస్ స్టవ్, అదీ మంచు మీద.

పొద్దున్నే అడవిలో టక్ టక్ మని, తర్వాత కత్తి నూరుతున్నట్టు వింత చప్పుడు వినిపిస్తే అక్కడే ఆగి దూరంగా తిరిగి వెళ్లిపోండి. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద అడవికోళ్లు, నార్వేజియన్లు తియుర్ అంటారు, మగవి ఒకచోట చేరి పెట్టల కోసం ఆడతాయి. దగ్గరికి వెళ్తే చెదిరిపోతాయి. దూరం నుంచే అయినా అది వినగలిగితే మీ అదృష్టం.

ఈస్టర్‌కి ముందు ఒక రిహార్సల్ చేయండి. మార్చిలో ఒక శనివారం పూర్తి సంచీతో మెట్రోలో ఫ్రోగ్నర్‌సేతెరెన్ దాకా వెళ్లి, నూర్‌మార్కాలోని కొబ్బెర్‌హౌగ్‌హిత్తా కేబిన్‌లో ఒక రాత్రి ఉండి రండి. ముందుగా బుక్ చేసుకోండి. అక్కడి దారులు మీకు తెలిసినవే, చెట్ల మీద ఎర్ర గుర్తులు స్కీ దారివి, నీలం గుర్తులు ఎండాకాలం నడకదారివి. ఆ రెండు రోజుల్లో ట్రాక్ దిగి మెత్తటి మంచులో నడవండి, కావాలని పడి లేవండి, గ్లవ్స్ తీయకుండా స్కిన్లు అంటించండి. అప్పుడే మీకు భుజాలు నొప్పెడుతున్నాయా, ఒక్కరే ఉండటం నిజంగా బాగుందా అన్నది తెలుస్తుంది. బాగోలేదనిపిస్తే ఈస్టర్‌కి ఎవరినైనా తోడు తీసుకెళ్లండి, అందులో తప్పేం లేదు.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. ఆవిడని ఒప్పించే ప్రయత్నం మానేయండి. "ఏం కాదులే" అన్నకొద్దీ టెన్షన్ పెరుగుతుంది, ఎందుకంటే ఏదైనా అయితే తను ఏం చేయాలో ఆవిడకి తెలియదు. అది తెలిసేలా చేయండి. రోజూ రాత్రి కాగితం ఫొటో. పొద్దున బయల్దేరేటప్పుడు ఒక మెసేజ్, ట్రాక్ మీదికి వచ్చాక ఒకటి, గదికి చేరాక ఒకటి. మీరు రెండింటికి వస్తానని రాస్తే ఆవిడ నాలుగు దాకా ఆగాలి. నాలుగింటికి మీకు ఫోన్ చేయాలి. ఎత్తకపోతే బసకి ఫోన్ చేయాలి. అక్కడా మీ జాడ లేకపోతే ఐదింటికి 112కి, అంటే పోలీసులకి. ఇక్కడ కొండల్లో గాలింపు పోలీసుల చేతిలో ఉంటుంది, రెడ్ క్రాస్ వాలంటీర్లు వస్తారు. వెతికినందుకు డబ్బులేమీ అడగరు. ఈ మాట ఆవిడకి ముందే చెప్పండి, ఖర్చుకో మొహమాటానికో ఆలస్యం చేయకుండా ఉంటారు. బస నంబరు, మీరు వేసుకున్న జాకెట్ రంగు ఆవిడ దగ్గర ఉండాలి. మీకు స్పృహ ఉండి, గాయమైతే మీరే 113కి, అంటే అంబులెన్స్‌కి చేయండి. యెల్ప్ 113 యాప్ ముందే ఫోన్లో వేసుకుని, దానిలోంచే ఫోన్ చేస్తే మీరున్న చోటు వాళ్లకి కనిపిస్తుంది. ఆ టైముల్ని మీరు కూడా అంతే కచ్చితంగా పాటించాలి. ఒక్కసారి మెసేజ్ మర్చిపోయి ఆవిడ హడలిపోయారంటే మళ్లీ మిమ్మల్ని పంపించడానికి మనసొప్పదు.

అమ్మగారికి అబద్ధం చెప్పి వెళ్లకండి. ఆవిడ కళ్ల ముందు ఉన్నది టీవీలో చూసిన హిమాలయాల హిమపాతం. రిహార్సల్ రోజున కేబిన్ ముందు నుంచి వీడియో కాల్ చేసి, చెట్లు, ట్రాక్, పిల్లల్ని బండిలో కూర్చోబెట్టుకుని లాక్కెళ్లే తల్లిదండ్రులు, కేబిన్‌లో కాఫీ తాగుతున్న ముసలివాళ్లు, అన్నీ చూపించండి. అయినా ఆవిడ బెంగ పూర్తిగా పోదు. ఆ మూడు రోజులూ సాయంత్రం గదికి చేరాక మీరే ఫోన్ చేసి మాట్లాడండి.

తిండి గురించి అడిగారు. పులిహోర కట్టించుకుని వెళ్లకండి. చలికి అన్నం రాయిలా బిగుస్తుంది, చేతి వేళ్లు బయటపెట్టి తినడమూ కష్టమే. సున్నుండలు, పల్లీ చిక్కీ, నువ్వుండలు బాగా పనికొస్తాయి. చిన్న ముక్కలు చేసి జాకెట్ జేబులో వేసుకుని గంటకోసారి నోట్లో వేసుకోండి, ఆకలేసేదాకా ఆగొద్దు. చిక్కీ చలికి గట్టిపడుతుంది, పళ్లు జాగ్రత్త, అది లోపలి జేబులో ఉంచండి. ఫ్లాస్కులో వేడి చారు పోసుకెళ్లండి, కాస్త ఉప్పు ఎక్కువ వేసి, చెమట పట్టిన ఒంటికి అది టీ కంటే మంచిది. ఇంకో సీసాలో గోరువెచ్చటి నీళ్లు, మూత కిందికి ఉండేలా సంచీలో తలకిందులుగా పెట్టండి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర ఐసు పట్టదు. మధ్యాహ్నం ట్రాక్ మీదికి వచ్చాక ఎండలో కూర్చుని ఇక్కడివాళ్లలాగే కమలాపండు, క్విక్ లున్ష్ తినండి. తొక్కలు మాత్రం మంచులో పారేయకుండా సంచీలో వేసుకోండి, ఆ చలికి అవి త్వరగా కుళ్లవు.